మేము స్పీడుబోటు కొన్న వైనం

పాతవస్తువు కొనడం ఒక విద్య. ఆ విద్య ఏ విశ్వవిద్యాలయంలోనూ పాఠ్యాంశంగా లేదు. దానిని నేర్చుకొనడానికి మేము చెల్లించిన రుసుము అక్షరాల ఒక లక్షా అరవైఐదు వేల రూపాయలు. ఇంత ఖరీదైన పాఠాన్ని మాలోనే దాచుకొనడం ఉచితం కాదని తోచి, విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాము.

మేమంటే ముగ్గురం. ఒకరికి తెలుగు బోధించడం వృత్తి. ఒకరికి ఇనుపసామాను దుకాణం ఉన్నది. మూడవవారు వరుసకు బావ, బ్యాంకు ఉద్యోగి. ముగ్గురిలో ఎవరికీ చిన్ననాడు కాలువలో ఈదిన అనుభవం తప్ప నీటితో వేరు పరిచయం లేదు.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తిన సంగతి పాఠకులు మరచి ఉండరు. అదే సమయంలో కృష్ణానది కూడ ఉగ్రరూపం దాల్చింది. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ రోజులలో మేము అన్నం పొట్లాలు నెత్తిన పెట్టుకొని నడుములోతు నీటిలో నడిచాము. ఒక వీధి మలుపులో నీరు మెడదాకా వచ్చింది. అవతలి మేడమీద నుంచి ఒక వృద్ధురాలు చేయి ఊపుతున్నది. మేము చేసేది లేక వెనుదిరిగాము. ఆ చేయి తరువాత అనేక రాత్రులు మా కనులముందు మెదిలింది. ఇటువంటి ఆపద మళ్లీ వస్తే ఒక్క వీధికైనా అక్కరకు రావాలని, అందుకు మనకొక పడవ ఉండాలని ముగ్గురం నిశ్చయించుకొన్నాము.

ఆ శీతకాలంలో నదిలో విహారయాత్రికులను తిప్పిన స్పీడుబోటు ఒకటి అమ్మకానికి వచ్చింది. పదహారడుగుల ఫైబరు పడవ. వెనుక 90 అశ్వశక్తి గల ఔట్‌బోర్డు మోటారు. పడవ కడుపులో కాక వెనుకపలకకు బయట తగిలించే ఇంజనును ఔట్‌బోర్డు అంటారు. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఓలీ ఎవిన్‌రూడ్ 1909లో దానిని వ్యాపారసరళిలో అమ్మి విజయం సాధించిన తరువాత అది లోకమంతటా వ్యాపించింది. మేము చూసినది మూడు సిలిండర్ల రెండు స్ట్రోకుల రకం. చక్రం తిరిగిన ప్రతిసారీ ప్రతి సిలిండరూ పేలుతుంది గనుక బరువు తక్కువ, బలం ఎక్కువ.

ఎర్రని రంగు నిగనిగలాడుతున్నది. యజమాని తాళం తిప్పగానే ఇంజను సింహనాదం చేసింది. మూత మీద చేయి వేసి చూస్తే వెచ్చగా తగిలింది. "ఇప్పుడే ఒక చుట్టు తిప్పి వచ్చామండీ" అన్నాడాయన. మేము తల ఊపాము. ఒడ్డు వెంట అరమైలు తిరిగాము. పడవ ముక్కెత్తి నీటి మీద తేలిపోతుంటే మా వయస్సు ఇరవై ఏండ్లు తగ్గిపోయింది. బేరమాడి 2,75,000 రూపాయలకు ఖాయం చేశాము. రిజిస్ట్రేషన్ కాగితాలు తప్ప మరేమీ అడగలేదు.

మూడవసారి నదిలోకి వెళ్లినపుడు బావగారి ఎనిమిదేండ్ల కుమారుడు మాతో ఉన్నాడు. నలుగురికి మూడు లైఫు జాకెట్లు మాత్రమే ఉన్నవి. నది నడుమ ఇంజను కూతపెట్టి, పొగలు చిమ్మి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా కదలలేదు. గాలి మమ్ములను ఒడ్డుకు దూరంగా నెట్టసాగింది. అంతవరకు కేరింతలు కొట్టిన పిల్లవాడు తండ్రి చేయి పట్టుకొని మాట మానివేశాడు. గంటన్నర తరువాత వలలు తీసుకొని వస్తున్న ఒక జాలరి మాకు తాడు విసిరాడు. "తెడ్డు లేకుండా ఏటిలోకి ఎట్లా వచ్చారండీ?" అని ఆశ్చర్యపోయాడు. తొంభై అశ్వాలను నమ్మి రెండు తెడ్లు మరచిన మా వద్ద సమాధానం లేదు.

మరునాడు ఒక వృద్ధ మేస్త్రీని పిలిపించాము. తీరంలో వేటపడవల మోటార్లు బాగుచేసి తల నెరిసిన మనిషి. ఆయన ఇంజనును వెంటనే తిప్పలేదు. "చల్లబడినదాన్ని చూడాలి మాస్టారూ. వేడిగా ఉన్న ఇంజను ఎవరికైనా పలుకుతుంది" అన్నాడు. మూత వెచ్చగా ఎందుకున్నదో అప్పుడు బోధపడింది. స్పార్కు ప్లగ్గులు విప్పి కంప్రెషన్ గేజి అమర్చాడు. ఒక సిలిండరులో 120, రెండవదానిలో 118, మూడవదానిలో 85 చూపింది. పదోవంతుకు మించి తేడా ఉండరాదని ఆయన లెక్క. తరువాత కింది గేరుపెట్టె మర విప్పాడు. నూనె పాలు కలిసిన తేనీటి రంగులో కారింది. సీలు చెడి లోపలికి నీరు చేరినదన్నమాట. నదినీటిని పైకి తోడి ఇంజనును చల్లబరచే రబ్బరు ఇంపెల్లరు ఇసుక తిని అరిగిపోయింది. చివరకు కొయ్యసుత్తితో వెనుకపలక అంతటా తట్టాడు. ఒకచోట ఖంగుమన్నది, మరొకచోట బొదబొదలాడింది. మరమేకుల కంతలగుండా నీరు దిగి, ఫైబరు పొరల నడుమనున్న ప్లైవుడ్డు చివికిపోయిందట. "అంత బరువు మోటారు దీన్ని పట్టుకొని వేలాడుతోంది. ఒకనాడు ఊడి ఏట్లో పడుతుంది. పడేటప్పుడు పడవను తెరిచి మరీ పడుతుంది" అన్నాడు.

పైన పటారం, లోన లొటారం అని చదువుకొన్నాము. ఆ లొటారం మీదికే పసివాణ్ణి ఎక్కించామని తెలిసి బావగారు నేలమీద కూర్చుండిపోయారు.

మరొక సత్యం కూడ ఆయనే చెప్పాడు. వరదనీటిలో స్పీడుబోటు పనికిరాదు. వీధులలో నీటి కింద ప్రహరీలు, మోటారు సైకిళ్లు, తీగలు ఉంటవి. పంఖా వాటికి తగులుకొంటుంది. వేగంగా పోతే లేచే అలలు ఇళ్లలోకే కొడతవి. అక్కడ కావలసినది అడుగు చదునైన తెడ్ల పడవ. వృద్ధురాలి చేయి చూసి బయలుదేరిన మేము దారిలో ఎర్రరంగు చూసి ఆగిపోయాము.

మరమ్మతుకు మరొక రెండు లక్షలు కావాలి. అమ్మివేయడానికే నిశ్చయించాము. అసలు పరీక్ష ఇక్కడ మొదలైంది. డెల్టా గ్రామం నుంచి ఒక యువకుడు అన్నగారితో కలిసి వస్తానన్నాడు. పండుగలకు యాత్రికులను తిప్పుకొని బ్రతుకుతాడట. మాలో ఒకరు, "గేరునూనె కొత్తది పోద్దాము, నాలుగు రోజులు తెల్లబడదు. వారు వచ్చేముందు ఇంజను వెచ్చజేద్దాము" అన్నారు. తక్కిన ఇద్దరం కాదనలేదు. నూనె మార్చాము. పలక మీద రంగు కూడ పూశాము. మాకు జరిగినదే కదా ఇతరులకూ జరిగేది అని మనస్సును సమాధానపరచుకొన్నాము. మమ్ములను ముంచినవానిని ఎంత తిట్టామో, అతని చేతివిద్యను అంత త్వరగానే నేర్చుకొన్నాము.

ఆ రాత్రి అమ్మీ భోజనం వడ్డిస్తూ మా మాటలు విన్నది. ఒక్క ప్రశ్న వేసింది: "ఆ పడవలో ఎక్కేది ఎవరు?"

ఎవరూ బదులు చెప్పలేదు. అంగడిలో ధాన్యపురాశిలో చేయి పెట్టి లోపలి తడిని కనుగొని, తడిసిన గింజలు అందరికీ కనబడేటట్లు పైన ఉంచవలదా అని వర్తకుని నిలదీసిన ప్రవక్త మహనీయుల (స) వృత్తాంతం బాల్యంలో ఆమె నోటనే విన్నాము. గింజలు తడిస్తే కొన్నవాడు నష్టపోతాడు. పడవ తడిస్తే కొన్నవాడొక్కడే పోడు, బేరం సంగతి ఎరుగని పిల్లలు కూడ పోతారు. 2017 నవంబరు 12న పవిత్రసంగమం సమీపంలో విహారపడవ తిరగబడి ఇరవైమందికి పైగా మరణించారు. ప్రయాణికుడు టిక్కెట్టు అడుగుతాడు గాని పలక తట్టి చూడడు. అతని తరఫున తట్టవలసినవాడు కొనేవాడు, చెప్పవలసినవాడు అమ్మేవాడు.

మరునాడు ఇంజనును చల్లగానే ఉంచాము. అన్నదమ్ములు రాగానే మేస్త్రీ చేత గేజి పెట్టించి మూడు అంకెలూ చూపాము. తీసి ఉంచిన పాతనూనె సీసా చూపాము. కొయ్యసుత్తి యువకుని చేతికిచ్చి పలక తట్టమన్నాము. అతడు తట్టి, విని, మా ముఖాలు చూశాడు. "ఇవన్నీ చెప్పి అమ్ముతారేంటి సార్?" అన్నాడు. వారు కొనలేదు.

నెల తరువాత మోటారు విడిభాగాల కింద 70,000కు, పలక మార్పించుకొంటామని వ్రాసి ఇచ్చినవారికి పడవ 40,000కు పోయినవి. ఆ డబ్బుతో అడుగు చదునైన పడవ ఒకటి, నాలుగు తెడ్లు, ఇరవై లైఫు జాకెట్లు కొన్నాము. ఇప్పుడవి ఇనుపసామాను దుకాణం వెనుక ఉన్నవి.

చెడిన మోటారును అంటుకోవడమే దోషమని మా భావం కాదు. 1939లో అమెరికాలోని సీడర్‌బర్గులో కార్ల్ కీకాఫర్ అనే ఆయన కొన్న కర్మాగారంలో, వర్తకసంస్థ తిరగగొట్టిన లోపభూయిష్టమైన మోటార్లు వందలకొద్దీ పడి ఉన్నవి. ఆయన వాటికి రంగు వేయలేదు, విప్పి బాగుచేసి అమ్మాడు. మెర్క్యురీ మోటార్లకు అదే ఆరంభం. లోపం దాచడానికీ దిద్దడానికీ ఉన్న భేదం అంతే.

ఇటీవల ఆ యువకుడే ఫోను చేశాడు. "ఇంకొక బోటు చూశాను సార్, మీరు ఒకసారి వస్తారా?" అని అడిగాడు. వచ్చే ఆదివారం వెళుతున్నాము. గేజి, కొయ్యసుత్తి సంచిలో పెట్టుకొన్నాము. మేము వచ్చేవరకు ఇంజను తిప్పవద్దని యజమానికి ముందే కబురు పంపాము.