గుడిస ఎక్కిన రోజు

"మాస్టారూ, మీ ఊరు ఎప్పుడు తీసుకెళ్తారండీ?" అని తోటి మాస్టార్లు అడగని ఏడాది లేదు. కొత్తపేట మండలంలో పద్దెనిమిదేళ్ళుగా చిన్న పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నా పేరు చివర రెడ్డి అని ఉంటుంది. చేరిన కొత్తలో ఆ పేరుకు దొరికిన మర్యాద, నేను ఎస్టీనని తెలిశాక కొంచెం తగ్గింది. "రెడ్లలో ఎస్టీలు కూడా ఉంటారాండీ?" అన్నారొకాయన. ఉంటారు. కొండరెడ్లం. పాపికొండల్లో గోదావరికి రెండు పక్కలా ఉంటాం.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు రంపచోడవరం వైపంతా అల్లూరి సీతారామరాజు జిల్లాకు పోయింది. నేను కోనసీమలో మిగిలిపోయాను. అయినా మా ఊరు అంతకుముందే పోయింది. దేవీపట్నం మండలం పోలవరం ముంపు మండలాల్లో ఒకటి. మావాళ్ళంతా ఇప్పుడు కాలనీలో ఉన్నారు. ఊరు చూపించమంటే నీళ్ళు చూపించాలి. ఆ మాట చెప్పలేక, మారేడుమిల్లి మండలంలో గుడిస కొండ ఉంది, అక్కడికి నడిచి వెళ్దామన్నాను. ఆ కొండ నేనూ ఎప్పుడూ ఎక్కలేదు. అదీ చెప్పలేదు.

డిసెంబరు రెండో శనివారం. పదకొండు మందిమి, ఒక వ్యాను. అర్ధరాత్రి దాటాక బయల్దేరి రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటాం. రాజమండ్రి, గోకవరం మీదుగా తెల్లవారేసరికి రంపచోడవరం చేరాం. అక్కడ భూపతిపాలెం జలాశయం దగ్గర వ్యాను ఆపించారు. నీళ్ళ మీద పొగమంచు లేస్తోంది. కోనసీమవాళ్ళు కదా, నీళ్ళు చూడగానే ఎన్నెకరాలు తడుస్తాయో లెక్క మొదలుపెట్టారు. నాకు ఇంకో జబ్బు. నిలిచిన నీళ్ళు ఎక్కడ చూసినా అడుగున ఏముందో అనిపిస్తుంది. ఫొటోలు దిగాం, బయల్దేరాం.

పుల్లంగి దగ్గర వ్యాను వదిలేశాం. అక్కడి నుంచి పైకి జీపులు వెళ్తాయి. మేం నడుద్దామనుకున్నాం. మొదటి గంట హాయిగానే ఉంది. వెదురు, మద్ది, మధ్యలో జీలుగు చెట్లు. కల్లు కుండలు కట్టి ఉన్నాయి. ఆ తర్వాత ఎత్తు మొదలైంది. కాలి కింద రాళ్ళు జారుతున్నాయి. అందరి కంటే ముందు ఆగిపోయింది నేనే. పిక్కలు పట్టేశాయి. మాతో వచ్చిన సైన్సు మాస్టారి నాన్నగారు కొబ్బరి దింపు కార్మికుడు. చిన్నప్పుడు ఆయన కూడా చెట్లెక్కినవాడే. కొండ కూడా అలాగే ఎక్కుతున్నాడు. "ఆయ్, కొండోరు మీరే వెనకబడిపోతే ఎలాగండీ?" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. ఎనిమిదేళ్ళ వయసులో నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు. ఆ తర్వాత హాస్టళ్ళు, డైటు, డీఎస్సీ, కాలవ గట్లు. కాళ్ళకు కొండ ఎక్కడ గుర్తుంటుంది?

ఒకచోట దారి రెండుగా చీలింది. అందరూ నా ముఖం చూశారు. ఎడమకు చెయ్యి చూపించాను. తెలిసి కాదు, అడిగారు కాబట్టి. అరగంట నడిచాక దారి ఒక పోడులో ఆగిపోయింది. కందిచేను కాయ మీద ఉంది. చేను కాపలా కాస్తున్న ముసలావిడ మమ్మల్ని చూసి లేచింది.

"ఏ ఊరోళ్ళు బాబూ?"

కొత్తపేట అని మావాళ్ళు చెబుతుండగానే నా ఇంటిపేరు, ఊరు పేరు చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించింది. "మా చిన్నాన్న కూతుర్ని ఆ ఊరే ఇచ్చాం" అని ఎవరెవరివో పేర్లు చెప్పింది. వేళ్ళ మీద ఏదో లెక్కేసి, "అయితే నువ్వు నాకు కొడుకు వరస" అని తేల్చేసింది. తర్వాత అడిగింది:

"ఊరు మునిగిపోయిందటగా?"

"అవునమ్మా."

"మరి కాలనీలో కొండుందా?"

"లేదు."

"కట్టెలకెక్కడికెళ్తారు?"

గ్యాసు ఉందని చెప్పాను. ఆవిడకు నచ్చినట్టు లేదు. వెనక పదిమందీ అన్నీ వింటున్నారు. పద్దెనిమిదేళ్ళు కలిసి టీ తాగినా చెప్పని సంగతి ఇలా కందిచేలో బయటపడింది. నాకు దారి తెలియదన్న సంగతి కూడా. ఆవిడే చీలిక దాకా వచ్చి, కుడి దారి చూపించి వెళ్ళిపోయింది.

నాలుగు గంటలు పట్టింది పైకి చేరడానికి. చెట్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఇక అంతా గడ్డి, మోకాలు దాటి, పండిన వరి రంగులో. ఒక కొండ మీంచి ఇంకో కొండ మీదకి గాలి ఆ గడ్డిని దువ్వుకుంటూ పోతోంది. మాటలు వినబడటం లేదు. కింద లోయల నిండా ఇంకా మంచు ఉంది. కొండ తలలు మాత్రమే లంకల్లా తేలుతున్నాయి. "వరద గోదారిలా ఉందండీ" అని ఎవరో అని, నన్ను చూసి ఆగిపోయారు. నిజంగా అలాగే ఉంది. నేనూ అదే అనుకుంటున్నాను. కాసేపటికి ఎండెక్కింది, మంచు పలచబడి కింద చెట్లు, పోళ్ళు, రెండు గడ్డి కప్పులు బయటపడ్డాయి. అక్కడ ఊరుందన్నమాట.

ఎవరో పడేసిన నీళ్ళ సీసాలు గడ్డిలో దొరికాయి. దిగేటప్పుడు ఒక సంచి నింపుకున్నాం. చాలా మిగిలిపోయాయి.

సోమవారం బళ్ళో మూడో తరగతి పిల్లల్ని కొండ బొమ్మ వేయమన్నాను. అందరూ మూడేసి త్రిభుజాలు గీసి మధ్యలో సూర్యుణ్ణి పెట్టారు. కాళ్ళ నొప్పులతోనే లేచి, పైన చదునుగా ఉండే కొండ ఒకటి నల్లబల్ల మీద గీశాను. "అది కొండ కాదు సార్, గట్టు" అన్నాడొకడు. చదును మీద గడ్డి గీశాను. వాలు మీద కందిచేను గీశాను.