మూడో వారం కూడా ఆడుతుందా?

"కొత్త సినిమా బాగుందో లేదో మొదటి వారం చెప్పమాకరా! మూడో వారం నేల టిక్కెట్టు కిటికీ దగ్గర నిలబడి చెప్పు" - ఇదీ మా నాన్నగారి సిద్ధాంతం. గురజాలలో పుట్టి, నరసరావుపేటలో స్థిరపడి, జీవితంలో సగం సాయంత్రాలు సినిమా హాళ్లలో గడిపిన మనిషి. మొదటి వారం పోస్టరు చూసి వస్తారట, హీరోని చూసి వస్తారట, పక్కింటివాడు వెళ్లాడని వస్తారట. మూడో వారం వచ్చేవాడు మాత్రం సినిమా కోసమే వస్తాడట.

ఈ సిద్ధాంతాన్ని ఒక ఆట మిషను మీద ప్రయోగించాల్సి వస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

2009 వేసవిలో న్యూజెర్సీ నుంచి మా అక్కా, పదేళ్ల మేనల్లుడూ వచ్చారు. వాడి పెట్టెలోంచి బట్టలకంటే ముందు బయటికొచ్చింది ఓ తెల్లటి మిషను. పేరు 'వీ'. ఇంగ్లీషులో 'మనం' అని వినపడాలనే ఆ పేరు పెట్టారట. 1889లో క్యోటో నగరంలో పేకముక్కలు తయారుచేస్తూ మొదలైన నింటెండో కంపెనీ 2006 చివర్లో దాన్ని విడుదల చేసింది. అంతవరకూ వీడియో గేమంటే కూర్చుని బటన్లు నొక్కడమే గదా! ఇందులో రిమోటులాంటిదాన్ని చేతబట్టి బ్యాటులా ఊపితే, టీవీలో మన బొమ్మ కూడా బ్యాటు ఊపుతుంది. చేతి విసురును పసిగట్టే చిన్న చిప్పు ఆ రిమోటులోనే ఉంటుంది. టీవీ మీద ఓ పట్టీ పెడతారు. అందులో కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దీపాలుంటాయి. వాటిని చూసే కెమెరా రిమోటు కొసన ఉంటుంది. కిటుకంతా అంతే!

అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా గుచ్చితే మాడి మసైపోతుందని తెలిసి, నేను పరుగున పోయి ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కొచ్చాను. ఇక చూస్కోండి, మొదటి వారం మా ఇల్లు హౌస్‌ఫుల్లు! వీధిలో పిల్లలు, వాళ్ల అమ్మలు, పాలబ్బాయి - అందరూ క్యూ! ఎదురింటి పిన్నిగారు కొంగు బిగించి బాక్సింగుకు దిగి, మా ఫ్యాను రెగ్యులేటరుకు ఒక్కటిచ్చారు.

నాన్నగారు మాత్రం మంచం మీంచి కదల్లేదు. ఆర్నెల్ల క్రితం పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పట్టు తప్పింది. రోజూ పిసకమని డాక్టరుగారు రబ్బరు బంతి ఇస్తే, "నేనేమన్నా పసిపిల్లాణ్ణా?" అని ఎడమచేత్తో మంచం కిందికి విసిరేశారు.

మేనల్లుడు ఆయన్ను అడగలేదు, బతిమాలలేదు. ఆటగాడికి మన పోలికలతో బొమ్మ చేసుకునే సౌకర్యం అందులో ఉంది. బట్టతల, కళ్లజోడు, బుర్రమీసాలు పెట్టి ఓ బొమ్మ తయారుచేసి, "తాతయ్యా, ఇది మీరు" అన్నాడు. నాన్నగారు చూశారు. మీసం దువ్వుకున్నారు. "ఏందిరా ఇది, నాకంటే పొట్టిగా ఉందే!" అంటూ లేచి కూర్చున్నారు.

టెన్నిస్‌లో పరుగెత్తే పని బొమ్మదే, మనం చెయ్యి ఊపితే చాలు. రిమోటు తాడును వాడు ఆయన మణికట్టుకు తగిలించాడు. మొదటిరోజు చెయ్యి జానెడు కదిలింది. వారానికి మూరెడు కదిలింది. నెలరోజులకు, వేలితో మీట నొక్కిపట్టి సమయానికి వదిలితేగాని ఆడలేని బౌలింగు కూడా ఆడేశారు. మిషను వైద్యం చేసిందని నేననను. ఫిజియోథెరపీ నడుస్తూనే ఉంది. కానీ మంచం కింద బంతిని ఆయనే వెతికి తీయించుకున్నారు. అది మాత్రం ఆ ఆట చలవే.

ఆగస్టులో వాళ్లు వెళ్లిపోయారు. మిషను మాకే వదిలేశారు.

ఇప్పుడు వచ్చింది అసలైన మూడో వారం! నాకో రహస్యం తెలిసిపోయింది. చెయ్యంతా ఊపనక్కర్లేదు, సోఫాలో జారగిలబడి మణికట్టు చిన్నగా విదిలించినా బంతి అవతల పడుతుంది. ఆ కిటుకు తెలిసిన రోజే నాకా ఆట చచ్చిపోయింది. నాన్నగారికి ఆ దగ్గరిదారి లేదు. ఆయన నిజంగా ఊపాల్సిందే, గెలిస్తే నిజంగా గెలిచినట్టే. అందుకే ఆయనకది పాతబడలేదు. "ఒక ఆట ఆడదామా రా?" అనేవారు. "రేపు నాన్నా" అనేవాణ్ణి. కొన్నాళ్లకు అడగడం మానేశారు. మిషను అటకెక్కింది. 2012లో ఆయన పోయారు.

ప్రపంచమంతటా దాదాపు ఇదే కథ. 'వీ' మిషన్లు పది కోట్లకు పైగా అమ్ముడుపోయి, పోటీ మిషన్లు రెంటినీ దాటిపోయాయి. సూపర్‌హిట్టే! 2012లో దాని తరువాతి భాగంలా వచ్చిన 'వీ యూ' కోటీ ముప్ఫయ్యయిదు లక్షల దగ్గర ఆగిపోయింది. 2010లో మైక్రోసాఫ్ట్ వాళ్ల 'కినెక్ట్' 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడై గిన్నిస్ రికార్డు కొట్టింది. 2017లో దాని తయారీయే ఆపేశారు. మరి చేతులూపే ఆట చచ్చిపోయిందా? లేదు. 2017లో వచ్చిన నింటెండో 'స్విచ్'లో పదిమందిలో ఒకటిగా సర్దుకుపోయి బతుకుతోంది.

మన సినిమాల్లో చూడలేదూ! 1984లో 'మై డియర్ కుట్టిచాతన్' త్రీడీలో వస్తే కళ్లజోళ్లు పెట్టుకుని జనం విరగబడ్డారు. తరువాత త్రీడీ వస్తూ పోతూనే ఉంది. 1957 నాటి 'మాయాబజార్'లో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిపోతాయి. అది కెమెరా కిటుకని ఈనాడు బడిపిల్లలకూ తెలుసు. అయినా నవ్వుతాం. ఎందుకంటే మనం చూసేది లడ్డూని కాదు, ఎస్.వి.రంగారావుని! మా కోటప్పకొండ ప్రభలూ అంతే. ఏటా శివరాత్రికి అవే ప్రభలు, అదే కొండ. అయినా ఊరంతా కలిసి కట్టి, కలిసి లాక్కెళతారు గనుక పాతబడవు.

మొన్న సంక్రాంతికి మేనల్లుడొచ్చాడు. ఇప్పుడు వాడు ఉద్యోగస్తుడు. అటకమీంచి మిషనూ, దానికి సరిపోయే పాత డబ్బా టీవీ రెండూ దింపాడు. పనిచేస్తుందన్న ఆశ నాకు లేదు. బ్యాటరీలు మార్చి మీట నొక్కాడు. తెర వెలిగింది. తెల్లటి మైదానంలో మేం చేసుకున్న బొమ్మలన్నీ అటూ ఇటూ తిరుగుతున్నాయి. వాటి మధ్యన, బుర్రమీసాలతో, కళ్లజోడుతో నాన్నగారు!

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. "ఒక ఆట ఆడదామా మామయ్యా?" అన్నాడు వాడు. రేపు అనలేదు నేను. మీసాల బొమ్మను ఎంచుకుని, లేచి నిలబడి, చెయ్యంతా ఊపి ఆడాను. ఓడిపోయాను. మర్నాడు భుజం పట్టేసింది.

ఆ మిషను మూడో వారం కూడా ఆడుతుందా అని మీరడిగితే నా జవాబొకటే. అది మిషను చేతిలో లేదు. అవతల రిమోటు పట్టుకుని మనకోసం చూస్తున్న మనిషికి మనం ఏం చెబుతామన్నదాన్ని బట్టి ఉంటుంది.