ఖాళీ కుర్చీల లెక్క

రండి, కూర్చోండి. కాఫీ వస్తోంది. ఈలోగా మా చుట్టాల వాట్సాప్ గ్రూపు సంగతి చెబుతాను. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది లెండి.

తెల్లారి ఐదింటికి పెద్దనాన్న గులాబీ పువ్వుతో శుభోదయం పెడతారు. ఏడున్నరకి డాలస్ బావ, అక్కడ రాత్రి భోజనం అయ్యాక, ఓ వీడియో వదులుతాడు. ఇక చూసుకోండి. ‘పచ్చ మీడియా’ అని ఒకరు, ‘మీదేమో నీలి మీడియా’ అని ఇంకొకరు. మధ్యాహ్నానికి ‘డబ్బుకి రాసే పేటీఎం బ్యాచ్’ దాకా వస్తుంది. సాయంత్రానికి ఎవరో ఒకరు అలిగి గ్రూపులోంచి వెళ్లిపోతారు. మర్నాడు చిన్నత్త బతిమాలి వెనక్కి తీసుకొస్తుంది.

మొన్నటి గొడవ ఒక పార్టీ సభ గురించి. పెద్దనాన్న పెట్టిన ఫొటోలో నేల ఈనినట్టు జనం. బావ పెట్టిన దాంట్లో వరసలకి వరసలు ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు, కింద నలిగిన నీళ్ల ప్యాకెట్లు. రెండూ పెద్దవి చేసి చూశాను. మొదటి దాంట్లో ఇంకా ఎండ ఉంది, జనం తలల మీద తువ్వాళ్లున్నాయి. రెండో దాంట్లో లైట్లు వెలుగుతున్నాయి, షామియానా కుర్రాడొకడు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపుతున్నాడు. అంటే ఒకటి సభ నడుస్తుండగా తీసింది, ఇంకోటి అయిపోయాక. ఫొటోలు రెండూ నిజమే, వాటి కింద రాసిన రాతల్లోనే ఉంది కిటుకంతా. ఆ మాటే గ్రూపులో అన్నాను. ఇద్దరూ కలిసి నన్ను గోడ మీద పిల్లిని చేశారు. పోనీలే, ఆ ఒక్క విషయంలోనైనా ఏకమయ్యారు.

పేపరు ఓ పక్షం పట్టడం మనకి కొత్తేం కాదండీ. 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రిక, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక జాతీయోద్యమం వైపు నిలబడ్డాయి, ఆ మాట దాచుకోనూ లేదు. 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్‌కి ఈనాడు ఇచ్చిన ఊతం తెలియనిదెవరికి? 2008లో సాక్షి వచ్చినప్పుడు అది ముఖ్యమంత్రిగారి అబ్బాయి పేపరని పాలు పోసే అతనికీ తెలుసు. ఎవరిదో తెలిస్తే చదివేవాడు తన జాగ్రత్తలో తానుంటాడు. నచ్చకపోతే సంపాదకుడికి కార్డు ముక్క రాసేవారు, కింద పేరూ ఊరూ పెట్టి మరీ.

ఫార్వార్డుకి ఆ పేరూ ఊరూ ఉండవు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఇలాంటి మెసేజీలే తిరిగి, తెలుగునాట కూడా అమాయకుల ప్రాణాలు పోయాయి. అప్పుడు గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల చేత డప్పు పట్టించి, పాటలు పాడించి, నమ్మకండయ్యా అని ఊరూరా చెప్పించారు. ఆ ఏడే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదుగురికే పంపేలా హద్దు పెట్టింది. 2020లో, చాలాసార్లు చేతులు మారిన మెసేజీనైతే ఒకసారికి ఒక్కరికే అంది. మా పెద్దనాన్నకి అదో లెక్కా! రిటైరైన మనిషి, ఒక్కొక్కరికీ ఓపిగ్గా పంపుకుంటూ పోతారు.

నా బాధల్లా ఒకటే. మీడియాని తిట్టడంలో మనవాళ్లంతా పండితులే. కానీ తిట్టేది ఎప్పుడూ అవతలివాడి పేపర్నే. ‘మా పేపరు ఇవాళ అబద్ధం రాసిందిరా’ అని మా గ్రూపులో ఇంతవరకూ ఒక్కరూ అనలేదు, నాతో సహా. అసలు విమర్శంటే అక్కడే కదండీ మొదలవ్వాల్సింది!

ఇంతకీ ఆ కుర్చీల రభసలో చిన్నత్త పెట్టిన మెసేజీ ఒకటి చాలామంది కంట పడనే లేదు. ఆదివారం మనవరాలి బారసాల, అందరూ రావాలని. వెళ్లింది ఏడెనిమిది మందిమి. చేసిన పులిహోర సగానికి సగం మిగిలింది. వాకిట్లో వేసిన షామియానా కింద ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో ఈసారి ఎవరూ ఫొటో తీసి పెట్టలేదు.

కాఫీ చల్లారిపోతోంది, తాగండి. తాగాక మీ గ్రూపులో మెసేజీలు ఒక్కసారి పైకి జరిపి చూసుకోండి. ఆ తిట్ల మధ్య ఎవరి పిలుపో ఉండిపోయిందేమో.