వాయిదాయా? మాఫీయా?

తెలియని దానిని తెలియదని చెప్పుట సులభమని పెద్దలందురు. నా యనుభవములో నంతకంటె కష్టమైన పని మఱియొకటి లేదు. ఆ కష్టమునకు జంకి నే నొకనాడు పలికిన ఒక్క మాటవలన మా వదినెకు కలిగిన నష్టమును సోదరీమణులకు విన్నవించుటకే ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాను.

నా పుట్టినిల్లు ఎల్లారెడ్డి, మెట్టినిల్లు కామారెడ్డి. రెండును 2016 అక్టోబరు 11వ తేదీన యేర్పడిన కామారెడ్డి జిల్లాలోనివే. బస్సెక్కినచో గంట పైచిలుకు ప్రయాణము. మా అన్నగారి భార్య పెద్దగా చదువుకొన్నది కాదు. లెక్కలో మాత్రము ఆమెను మించినవారు మా యింట లేరు. 2019లో ఒక ఋణసంస్థయందు అప్పు తీసికొని, కుట్టుమిషనులు కొని, యింటి ముందు గదిలో చిన్న దుకాణము పెట్టినది. వడ్డీ నూటికి నెలకు రూపాయి. ప్రతినెల తేదీ తప్పక కిస్తు కట్టుచుండెను.

2020 మార్చిలో కరోనా మహమ్మారివలన దేశమంతట రాకపోకలు నిలిచినవి. ఆ నెల 27వ తేదీన రిజర్వుబ్యాంకు, మార్చి 1 మొదలు మూడు నెలల కిస్తులను ఆపుకొనుటకు ఋణస్థులకు సౌకర్యము కల్పింపవచ్చునని బ్యాంకులకును ఋణసంస్థలకును అనుమతి నిచ్చినది. మే నెలలో దానిని ఆగస్టు 31 వరకు పొడిగించినది. ఈ సంగతి మా వదినె టెలిఫోనులోనికి ఇంగ్లీషులో వచ్చినది. అందులో ఇ.ఎమ్.ఐ. అని యొకటి, టెన్యూరు అని యొకటి, మారటోరియము అని యొకటి. ఆమె తన కుమార్తెచేత అక్షర మక్షరము కూడబలికించి నాకు వినిపించి, “వదినా, దీని యర్థమేమి?” అని యడిగినది.

నాకు బి.ఏ. పట్టము కలదు. అయినను మారటోరియ మను మాట నే నంతకుముందు విని యెఱుగను. ఆ సంగతి చెప్పుటకు నాకు నోరు రాలేదు. “ఆరునెలలు కట్టనక్కఱ లేదట” అంటిని. “అయిన, మాఫీయేనా?” అని యామె మఱల నడిగినది. “అటువంటిదే” అంటిని.

ఆ “అటువంటిదే” యను మాటను తలచుకొన్నప్పుడెల్ల నేటికిని నాకు తల వాలిపోవును.

ఆ నెలలలో మా వదినె చేతికి పని లేకపోలేదు. మహిళాసంఘము ద్వారా మూతికి కట్టుకొను మాస్కులు కుట్టు పని దొరకినది. కిస్తు కట్టుటకు సరిపడు పైకము ప్రతినెల చేతికి వచ్చినది. మాఫీ యైన అప్పునకు కట్టుటెందుకని, ఆ పైకముతో ఇంటి పైకప్పు బాగు చేయించినది. కట్టగలిగి యుండియు, నా మాట నమ్మి కట్టలేదు.

సెప్టెంబరులో లెక్క వచ్చినది. అప్పటికి ఎనుబదివేల బాకీ మిగిలియుండెను. నెలకు ఎనిమిది వందల వడ్డీ. ఆరు నెలలకు 4,800 రూపాయలు. ఏ నెల వడ్డీ ఆ నెల అసలులో కలియుటచే వడ్డీకి వడ్డీ పెరిగి మొత్తము 4,922 అయినది. కిస్తులన్నియు ఆరునెలలు వెనుకకు జరుగుటయే గాక, చివర మఱియొక కిస్తు చేరినది. పిమ్మట రెండు కోట్ల లోపు ఋణములకు వడ్డీపై వడ్డీని కేంద్రప్రభుత్వము తానే భరించినందున 122 రూపాయలు తిరిగి వచ్చినవి. తక్కిన 4,800 మా వదినె కట్టవలసినదే.

ఆమె కామారెడ్డికి వచ్చి ఆ కాగితమును నా ముందు పెట్టినది. ఒక్క నిష్ఠురమైనను ఆడలేదు. “నీవు చదువుకొన్నదానవు గదా యని ఇంకొకరి నడుగనైతిని” అని మాత్రమే యన్నది. తిట్టియుండిన నాకంత బాధ కలిగెడిది కాదు.

మఱునాడు మే మిరువురము ఆ సంస్థవారి యొద్దకు పోయి యడిగితిమి. అచ్చట నున్న చిన్నవాడు మర్యాదగనే, “మారటోరియ మనగా మారటోరియమేనమ్మా” అన్నాడు. టెన్యూరన నేమనగా కాగితమువంక చూచి నవ్వినాడు. అతనికిని నావలెనే తెలియదనియు, నావలెనే చెప్పుటకు సిగ్గనియు అప్పుడు గ్రహించితిని. కడకు మా వీథిలోని యొక పెద్దాయన, ఏండ్ల తరబడి బెల్లపు మండిలో పద్దులు వ్రాసినవాడు, ఆ కాగితము చదివి ఒక్క మాటలో తేల్చినాడు: “వాయిదా, తల్లీ. ఆలస్యమునకు అనుమతి. అంతే.”

మా వదినె ఉలిక్కిపడినది. “వాయిదాయా! ఆ మాట మొదలే చెప్పినచో, వాయిదా వేసిన బాకీకి వడ్డీ నడచునని నాకు తెలియదా?”

నిజమే. ఆమెకు తెలియనిది లెక్క కాదు, ఆ మాట మాత్రమే.

ఆ రాత్రి మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమె కాపురము చేసిన దినములలో ఎల్లారెడ్డి నైజాము రాజ్యములోనిది. కచేరీ కాగితములన్నియు ఉర్దూలో నుండెడివి. ఆ కాలమున తెలుగు మాటకు దొరకిన మన్నన ఎట్టిదో ఒక్క సంగతి చాలును. 1921 నవంబరులో హైదరాబాదున, స్త్రీవిద్యకై పాటుపడిన కార్వే పండితుని యధ్యక్షతను జరిగిన సభలోనే, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడగా కొందరు గేలి చేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. మా నాయనమ్మకు సభలు తెలియవు, అక్షరములును రావు. కాని కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు, దానిని రెండుసార్లు చదివించి, ప్రతి మాటకు అర్థము చెప్పించుకొనెడిది. “తెలియని మాటకు తల యూపినచో తలను తాకట్టు పెట్టినట్లే” అనెడిది. కిస్తు, వాయిదా, మాఫీ, జప్తు, రసీదు, బాకీ – ఇవన్నియు ఆమెకు పరాయి మాటలే. అడిగి యడిగి తనవి చేసికొన్నది. ఆమె సంపాదించి యిచ్చిన మాటలే నేడు మాకు తెలుగు మాటలైనవి. అక్షరము రాని ఆమె అడిగినది. పట్టము పొందిన నేను అడుగలేదు.

ఇప్పుడు మా వదినె సంఘములో ఒక చిన్న పుస్తకమున్నది. ఎవరికైన క్రొత్త మాట యెదురైనచో దానిని తెలుగు లిపిలో వ్రాసి, అర్థము తెలిసికొని ప్రక్కన చేర్తురు. ఇ.ఎమ్.ఐ. యనగా అసలును వడ్డీయును కలిసి నెలనెల సమానముగా కట్టు కిస్తు. టెన్యూరనగా అప్పు తీఱుటకు పెట్టిన గడువు. కె.వై.సి. యనగా ఖాతాదారు ఎవరో బ్యాంకువారు తెలిసికొనుట. ఆ పేరు చెప్పి టెలిఫోనులో రహస్యసంఖ్య యడుగువాడు దొంగ. ఐ.ఎఫ్.ఎస్.సి. యనగా బ్యాంకుశాఖ గుర్తు: పదునొకండు స్థానములు, మొదటి నాలుగు అక్షరములు బ్యాంకునకు, ఐదవది సున్న, తక్కిన ఆరును శాఖకు. ఎన్.పి.ఏ. యనగా తొంబది దినములు మించి బకాయి నిలిచి మొండిపడిన అప్పు. అర్థము వ్రాయని మాట యున్న కాగితముపై సంఘములో నెవరును సంతకము చేయరాదని వారి కట్టుబాటు.

సోదరీమణులారా! ఆ 4,800 రూపాయలను నేను కట్టెదనంటిని. మా వదినె ఒప్పుకొనలేదు. “నాకు మాట తెలియలేదు, నీకు ధైర్యము చాలలేదు, చెరిసగము” అన్నది. అట్లే కట్టితిమి.

మొన్న ఆమె యొద్దనుండి మరల టెలిఫోను వచ్చినది. ఇంకొక కాగితము, ఇంకొక మూడక్షరముల మాట. “దీని యర్థమేమి, వదినా?” అని యడిగినది. నోటిదాకా ఏదో వచ్చినది. దానిని మ్రింగి, “నాకును తెలియదు. రేపు మొదటి బస్సునకు వచ్చెదను. ఇద్దరము పోయి యడుగుదము” అంటిని.