హీరోగారూ, ట్రిగ్గర్ మీద వేలు తియ్యండి!

చిన్నప్పుడు టీవీలో కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) చూసిన నాటినుంచీ నాకో కోరిక ఉండిపోయింది. ఒక్కసారి... ఒక్కటంటే ఒక్కసారి తుపాకీ చేతబట్టి గురిచూసి కాల్చాలి! గుర్రమూ, టోపీ లేకపోయినా సర్దుకుపోతాను.

ఆ రోజు రానే వచ్చింది. హైదరాబాద్‌లో మా యింటికి దగ్గర్లోనే కొత్తగా షూటింగ్ రేంజి తెరిచారు. షూటింగ్ అనగానే మనకి కెమెరా గుర్తొస్తుంది గానీ, ఇక్కడ వాడేది ఎయిర్ రైఫిల్. ఆదివారం పూట మా అక్క కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళాను. వాడికి పదిహేనేళ్ళు.

అరగంటకి డబ్బు కట్టించుకుని, అందులో పావుగంట రూల్సు చెప్పారు! తుపాకీ గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చే క్షణందాకా ట్రిగ్గర్ మీద వేలు పడకూడదు. ఖాళీదైనా సరే, నిండుగా ఉందనే అనుకోవాలి. 'స్టాప్' అన్న కేక వినగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. ఫోటోలకి ఫోజులు బంద్!

"బిర్యానీ తిందామని వస్తే వంట నేర్పుతాడేంట్రా! గాలి తుపాకీకి ఇంత హడావుడా?" అని వెనకనుంచి ఓ కుర్రాడు గొణిగాడు.

"కన్ను పోవడానికి ఇది చాలు బాబూ" అన్నారు కోచ్‌గారు.

ఒకావిడ, "ఈ గుళ్ళు సీసంతో చేస్తారటగా, పిల్లలకి మంచిదేనా?" అని అడిగింది. "అందుకేనమ్మా, ఇక్కడ ఏమీ తిననివ్వం. వెళ్ళేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి" అన్నారాయన.

ఇక అసలు ఘట్టం! టార్గెట్ పది మీటర్ల దూరం. నట్టనడుమ ఉండే పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. నా మొదటి పెల్లెట్ కాగితానికే తగల్లేదు. అయిదోది మాత్రం ఎనిమిదిలో పడింది. ఆనందం పట్టలేక, "చూశావుట్రా!" అంటూ తుపాకీతో సహా గిరుక్కున తిరిగాను.

గొట్టం సరిగ్గా మావాడి గుండెలకి ఎదురుగా ఆగింది.

"స్టాప్!"

కోచ్‌గారి చెయ్యి గొట్టాన్ని టార్గెట్ వైపు నెట్టేసింది. హాలంతా నిశ్శబ్దం. "అబ్బే, ఖాళీదేనండీ" అన్నాను. ఆయన తెరిచి చూశారు. ఖాళీదే.

"మీరు చూసి అన్నారా, అనుకుని అన్నారా?"

నా దగ్గర జవాబు లేదు. నన్ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. డబ్బు కట్టి తిట్లు తినడమేమిటని మొదట ఒళ్ళు మండింది. మావాడి మొహం చూశాక మంట చల్లారి, వణుకు మొదలైంది.

సినిమావాళ్ళ సంగతే గుర్తొచ్చింది. 1993లో 'ది క్రో' షూటింగులో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ చనిపోయాడు. అంతకుముందు సీనులో వాడిన డమ్మీ తూటా ముక్క రివాల్వర్ గొట్టంలో ఇరుక్కుని ఉంది. ఉత్తుత్తి తూటా పేల్చగానే అది దూసుకొచ్చింది. 2021లో 'రస్ట్' సెట్లో రిహార్సల్ జరుగుతుండగా తుపాకీ పేలి ఛాయాగ్రాహకురాలు హెలీనా హచిన్స్ ప్రాణం పోయింది. ఆ రెండుచోట్లా అందరూ ప్రమాదం లేదనే అనుకున్నారు. నేనూ అంతేగా!

వచ్చేటప్పుడు మేనేజర్‌తో ఒక మాట అన్నాను. "ఆ పావుగంటని మా అరగంటలో లెక్కెయ్యకండి. గడియారం తిరుగుతుంటే ఎవరికైనా పాఠం ఎప్పుడైపోతుందా అనే ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది." ఆయన తలూపారు.

ఇంటికి రాగానే, "మీ మావయ్య ఎలా కాల్చాడ్రా?" అంది అక్క.

"ఎనిమిది కొట్టాడమ్మా!" అని ఊరుకున్నాడు వాడు.

మిగతాది నేనే చెప్పాను.