బొమ్మలు కూడు పెడతాయా?

మన ఇళ్ళల్లో పిల్లలు బొమ్మలు వేయడం మొదలుపెడితే ముందు మురిసిపోయేదీ మనమే, తరవాత విసుక్కునేదీ మనమే. నాలుగేళ్ళవాడు గోడమీద బొగ్గుతో ఏనుగును గీస్తే ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాం. ఎనిమిదేళ్ళకు బడిలో బహుమతి తెస్తే ఆ బొమ్మకు అద్దం కట్టించి తగిలిస్తాం. పదో తరగతి దాటాక కూడా అదే పని చేస్తూ కూర్చుంటే మాత్రం మన గొంతు మారుతుంది. "బొమ్మలు కూడు పెడతాయా?" అంటాం. ఈ ప్రశ్న అడిగేవారు జవాబుకోసం అడగరు. జవాబు తమ దగ్గరే ఉన్నదని వారి నమ్మకం.

మొన్న వేసవిలో మా ఇంట్లోనూ ఈ ప్రశ్న పుట్టింది. ఇంటరు పూర్తిచేసిన మా మనవరాలు ఇంజనీరింగు వద్దు, చిత్రకళ చదువుకుంటానన్నది. మా అబ్బాయి కోప్పడలేదు. చెయ్యి కడుక్కుని, ఆ పాత ప్రశ్నే మెల్లిగా అడిగి లేచిపోయాడు. పిల్ల నావంక తిరిగి, "నాయనమ్మా, పెడతాయా, పెట్టవా? నువ్వు చెప్పు" అన్నది.

కళాశాస్త్రం చదువుకున్నదాన్ని కాను. కాని మన గుంటూరు జిల్లాలోనే మూడేళ్ళ తేడాలో పుట్టిన ఇద్దరు చిత్రకారుల సంగతి నాకు తెలుసు. మా మేనమామ సంగతి అంతకన్న బాగా తెలుసు. ఆ ముగ్గురి బ్రతుకులూ వరసగా చెప్పుకుపోతే జవాబు దానంతట అదే బయటపడుతుందనిపించింది.

పాత గుంటూరు జిల్లా ఎరిగినవారికి అది ఒక జిల్లా కాదు, రెండు. తెనాలి, దుగ్గిరాల, పొన్నూరు వైపు కృష్ణకాలువలు పారే మాగాణి. చిలకలూరిపేట, నరసరావుపేట వైపూ, 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్ళి 1972లో ప్రకాశమన్న పేరు పొందిన అద్దంకి, పర్చూరు వైపూ నల్లరేగడి మెట్ట. అక్కడ వరి, పసుపు. ఇక్కడ పత్తి, మిరప. నేను చెప్పబోయే పేరున్నవారిద్దరూ మాగాణి బిడ్డలు. మా మేనమామ మెట్టవాడు. వాన పడితే పంట, లేకపోతే అప్పు.

మొదటివారు సంజీవదేవ్. 1914 జూలై 3న దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలో సూర్యదేవర వారింట పుట్టారు. కలిగిన రైతు కుటుంబం. పట్టా పుచ్చుకున్న చదువేదీ ఆయనకు లేదు. భాషలూ, తత్త్వమూ, చిత్రకళా తనంతట తానే నేర్చుకున్నారు. యౌవనంలో ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్ళారు. కులూ లోయలో నగ్గర్ అనే ఊళ్ళో రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ కాపురముండేవాడు. 1947లో కన్నుమూసేదాకా ఆ మంచుకొండలను ఎన్నిసార్లు చిత్రించినా ఆయనకు తనివి తీరలేదు. అటువంటివాని ఇంట తుమ్మపూడి యువకుడు అతిథి అయ్యారు. తలెత్తి చూస్తే తాటిచెట్టుకన్న ఎత్తయినది కనిపించని మన మైదానంనుంచి వెళ్ళినవారికి ఆ కొండలు ఎలా కనిపించాయో ఊహించుకోండి.

ఇంతవరకు విన్నవారు, ఇక ఆయన కలకత్తాలోనో ఢిల్లీలోనో స్థిరపడి ఉంటారనుకుంటారు. ఆయన తిరిగి తుమ్మపూడికే వచ్చారు. పెళ్ళి చేసుకుని ఆ పల్లెలోనే కాపురమున్నారు. ప్రకృతి దృశ్యాలు చిత్రించారు. కళనుగురించి తెలుగులో వ్యాసాలు వ్రాశారు. రంగు అంటే ఏమిటి, రేఖ అంటే ఏమిటి, చూడడమంటే ఏమిటి అన్న సంగతులు మనబోటివారికి కూడా అందేలా చెప్పారు. ఆయన వ్రాసిన ఉత్తరాలకు లెక్కలేదు. ఎక్కడెక్కడినుంచో ఆ పల్లెకు జవాబులు వచ్చేవి, ఆ జవాబుల వెనక మనుషులూ వచ్చేవారు. 1980లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1999 ఆగస్టు 25న ఆయన పోయారు. ఆయన స్మృతులన్నీ కలిపి అచ్చువేసిన సంపుటానికి పేరేమిటనుకున్నారు? "తుమ్మపూడి".

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆయన వెనక పొలం ఉన్నది. బొమ్మ అమ్ముడుపోకపోతే రేపటి బియ్యానికి ఏం చేయాలన్న బెంగ లేదు. అంతమాత్రాన పొలం ఉన్నవారంతా సంజీవదేవ్‌లు కాలేదు. చాలామంది ఉన్న పొలంమీద వచ్చినదానితో ఇంకో పొలం కొన్నారు. ఆయన తీరిక కొనుక్కున్నారు. ఆ తీరికనంతా చూడడానికి ఖర్చుపెట్టారు.

రెండోవారు మాధవపెద్ది గోఖలే. 1917లో పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరులో పుట్టారు. ఆయన పేరు నాకు మొదట చెప్పింది మా మేనమామే. నాకు పదేళ్ళప్పుడు మా ఊరి పక్కకు టూరింగు టాకీసు వచ్చింది. మాయాబజారు వేస్తున్నారు. ఇసుక పోగుచేసుకుని ఎత్తుగా కూర్చున్నాం. పేర్లు పడుతుంటే ఎవరు చూస్తారు? పిల్లలం అల్లరి చేస్తున్నాం. మామయ్య నా భుజం గట్టిగా నొక్కి, "అమ్మాయ్, చూడు. గోఖలే, కళాధర్. గోఖలే అంటే మన కోడూరాయన. ఆ మేడలన్నీ ఆయన వేసినవే" అన్నాడు. మేడలు ఒకరు వేస్తారన్న సంగతే నాకు అంతవరకు తెలియదు.

గోఖలే మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదివారు. దేవీప్రసాద్ రాయ్ చౌదరి అక్కడ ప్రిన్సిపాలుగా ఉన్న కాలమది. పత్రికలకు బొమ్మలూ వ్యంగ్యచిత్రాలూ వేశారు. తరవాత సినిమా ఆయనను పిలిచింది. విజయావారి పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజారు (1957) చిత్రాలకు కళాధర్‌తో కలిసి కళాదర్శకులుగా పనిచేశారు. తోటరాముడు నడిచిన గుహలూ, ఘటోత్కచుడు నిలువెత్తుగా నిలబడ్డ సభలూ ముందు కాగితంమీద పుట్టినవి.

కళాదర్శకుని పని బయటికి కనిపించదు. ముందు బొమ్మ గీయాలి. దానికి కొలతలు వేయాలి. వడ్రంగులచేత కొయ్య చట్రం కట్టించి, గుడ్డా అట్టా బిగించి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో స్తంభాలు పోయించి, ఆపైన రంగు వేయించాలి. మాయాబజారులో మనం చూచే ద్వారక చిన్న నమూనాగా స్టూడియోలో కట్టినది. కట్టినంతసేపు పట్టదు విప్పడానికి. షూటింగు కాగానే ఇంకో సినిమాకు చోటు కావాలి కనుక ద్వారక మళ్ళీ కొయ్యముక్కలైపోతుంది. సముద్రంలో ఒకసారి, స్టూడియోలో ఇంకొకసారి మునిగిన పట్టణమన్నమాట.

ఇంకొక తమాషా ఉన్నది. సెట్టుకు రంగులున్నాయి, సినిమాకు లేవు. ఏ రంగు తెరమీద ఎంత నలుపుగా, ఎంత తెలుపుగా దిగుతుందో ముందే లెక్కకట్టి వేయించాలి. కంటికి అందంగా ఉన్న రంగు కెమేరాకు బూడిదలా కనిపించవచ్చు. 2010లో మాయాబజారుకు రంగులద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడు మనమంతా సంతోషంగా చూచాం. కాని ఆ రంగులు కంప్యూటరు ముందు కూర్చున్నవారు ఎంచినవి. గోఖలే అప్పటికి లేరు. 1981లోనే పోయారు.

బొమ్మలు ఆయనకు కూడు పెట్టాయి. అందుకు బదులుగా తాను వేసినదంతా విప్పేస్తుంటే చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. అయితే మద్రాసులో ఉన్నంతమాత్రాన కోడూరు ఆయనను వదలలేదు. కథలు వ్రాశారు. "బల్లకట్టు పాపయ్య" చదివినవారికి తెలుసు. ఆ మాటతీరు మన గుంటూరు పల్లెలది, చేలగట్లమీద వినిపించేది. పగలు రాజుల మేడలు గీసిన చెయ్యే ఈ పల్లె మనుషుల కథలూ వ్రాసింది.

ఇక మా మేనమామ. మామయ్య పేరు ఏ తెరమీదా పడలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. పొలమా, రెండెకరాల మెట్ట. మద్రాసు వెళ్ళడానికి చార్జీలు పెట్టేవారు లేరు. మా అమ్మ చెప్పేది: మామయ్యకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక నోటుపుస్తకం నిండా ఊరివాళ్ళ బొమ్మలు వేశాడట. చాకలి, కుమ్మరి, నీళ్ళబిందెతో ఆడవాళ్ళు, నిద్రపోతున్న ఎడ్లు. ఇంటిపెద్ద ఒకరు ఆ పుస్తకం తెచ్చి, అన్నం ఉడుకుతున్న పొయ్యిలో పెట్టారు. "వీటితో ఇవాళ ఇంతవరకే లాభం" అన్నారు. మామయ్య ఏమీ అనలేదట. ఆ పూట అన్నం మాత్రం తినలేదట.

తరవాత గుంటూరులో ఒక మిరపకాయల కమీషను కొట్లో పని దొరికింది. గోతాలమీద రేకు అచ్చు పెట్టి కొట్టు మార్కు వేయడం, పైన నంబరు వ్రాయడం. పని లేని రోజుల్లో లారీ తలుపులమీద తామరపువ్వులూ నెమళ్ళూ వేసేవాడు. నలభై ఏళ్ళు అలాగే గడిచాయి. పిల్లలను చదివించాడు, కూతురి పెళ్ళి చేశాడు. కూడు విషయంలో మామయ్య ఎవరికీ బరువు కాలేదు.

కాని మాఘమాసంలో మా ఊరు వచ్చినప్పుడు నన్ను వెంటబెట్టుకుని కల్లాలవైపు తీసుకుపోయేవాడు. చేనంతా పత్తి తెలుపు, కల్లాలన్నీ మిరప ఎరుపు. "ఎన్ని ఎరుపులున్నాయో చెప్పు" అనేవాడు. ఎరుపు ఎరుపేగదా అనేదాన్ని. "కాదు. నిన్న కోసిన కాయ ఎరుపు వేరు. నాలుగెండలు తిన్న కాయ ఎరుపు వేరు. రాత్రి పట్టా కప్పకపోతే మంచుకు వెలిసి తాలవుతుందే, అదిగో, దాని అంచున మిగిలిన ఎరుపు వేరు" అని వేలుపెట్టి చూపించేవాడు. వ్యాపారి ఆ తేడా చూచి ధర కడతాడు. మామయ్య ఊరికే చూచేవాడు. నేను సంజీవదేవ్ వ్యాసాలు పెద్దయ్యాక చదివాను. చదువుతుంటే, ఇది నాకు కల్లంలో ఎప్పుడో చెప్పారే అనిపించింది.

తుమ్మపూడిలో ఆయనకు పొలం ఉన్నది, కోడూరాయనకు మద్రాసు దొరికింది. మామయ్యకు రెండూ లేవు. అయినా వీటికన్న పెద్ద లోటు ఇంకొకటి ఉన్నదని నాకెప్పుడూ అనిపిస్తుంది. "వెయ్యరా, చూద్దాం" అన్న మనిషి ఇంట్లో ఒక్కరు లేకపోయారు. ఆ మాటకు పొలమూ అక్కర్లేదు, రైలు చార్జీ అక్కర్లేదు.

మామయ్య వేసిన బొమ్మ ఒక్కటి నా పెట్టెలో ఉన్నది. క్యాలెండరు కాగితం వెనకవైపు వేసినది. కల్లంలో తాలుకాయలు ఏరుతున్న నలుగురు ఆడవాళ్ళు. ముఖాలు కనిపించవు. వంగిన వీపులూ, ముక్కుకు కట్టుకున్న కొంగులూ, చుట్టూ ఎరుపు. గోతాలమీద వాడే రంగేకాబోలు, ఇన్నేళ్ళయినా వెలవలేదు. మనవరాలు అడిగిన మర్నాడు ఆ కాగితం తీసి మా అబ్బాయి చేతిలో పెట్టాను. ఇదంతా చెప్పాను. వాడు చాలాసేపు చూచాడు. "తాతయ్య వేశాడా ఇది? నాకెప్పుడూ చూపించలేదేం?" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

ఈ రోజుల్లో బొమ్మలకు దారులు పెరిగిన మాట నిజమే. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ చెబుతున్నారు. హైదరాబాదులో 2008నుంచి దీనికోసం ఒక విశ్వవిద్యాలయమే ఉన్నది. పుస్తకాలకూ, ప్రకటనలకూ, సినిమాలకూ, కంప్యూటరు ఆటలకూ బొమ్మలు వేసేవారు కావాలి. అయినా పిల్లకు నేను అబద్ధం చెప్పలేదు. "బొమ్మలు కూడు పెట్టవచ్చు, పెట్టకపోవచ్చు. పెట్టని రోజున ఇంకో పని చేసుకుని తిను, అందులో చిన్నతనం లేదు. మామయ్య తిన్నాడు. కాని చూడడం మానకు" అన్నాను.

వారం తిరక్కుండా మా అబ్బాయి దరఖాస్తు పెట్టించి, పరీక్ష ఫీజు కట్టి వచ్చాడు. సరేనని నోటితో మాత్రం ఇంతవరకు అనలేదు. పిల్ల కూడా అడగలేదు. మేడమీద కూర్చుని గీసుకుంటున్నది.

కూటిమాట పెద్దలు ఆలోచించవలసినదే, కాదనను. రేపు పిల్లలు ఎలా బ్రతుకుతారోనన్న భయం ప్రేమలోంచి పుట్టేదే. పొయ్యి కూటికోసం వెలిగించుకున్నాం. అందులో అన్నమే వండుకుందాం.