ఇంటర్వెల్ బెల్లు, ఇరవై డాలర్ల నోటు

తెనాలిలో ఇరవై రెండేళ్లు సినిమాహాలు క్యాంటీన్ నడిపాను. ఇంటర్వెల్ పదిహేను నిమిషాలు. ఆటకి జరిగే బేరమంతా ఆ పదిహేను నిమిషాల్లోనే. అందులో సగం చిల్లర వెతకడానికే పోయేది. రెండు సమోసాలకి ఐదొందల నోటు తీసేవాడు ఒకడు, చిరిగిన పది నోటు మడతలో దాచి అంటగట్టేవాడు ఇంకొకడు. రూపాయి బదులు చాక్లెట్ పెడితే తగువు. బెల్లు మోగగానే క్యూలో మిగిలినవాళ్లు వట్టి చేతులతో లోపలికి పరిగెత్తేవాళ్లు. అలా ఎంత బేరం పోయిందో ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

అందుకే అట్లాంటాలో మా అల్లుడు "మావయ్యగారూ, సాకర్ మ్యాచ్‌కి వెళదామా?" అనగానే సరేనన్నాను. ఆట సంగతి నాకు తెలీదు. హాఫ్‌టైమ్ పదిహేను నిమిషాలని మాత్రం తెలుసు.

ఆల్ఫరెట్టా నుంచి నార్త్ స్ప్రింగ్స్ దాకా కారు, అక్కడి నుంచి మార్టా రైలు, ఫైవ్ పాయింట్స్‌లో మారడం. మెర్సిడెస్ బెంజ్ స్టేడియం 2017లో తెరిచారు. పైకప్పు ఎనిమిది రేకులుగా పువ్వులా విచ్చుకుంటుంది. మా మనవడు పైకి చూడమంటున్నాడు, నేను కౌంటర్ల వైపు చూస్తున్నాను.

వాడికి నా డబ్బుతో ఏదైనా కొనిపెట్టాలని ముచ్చట. విజయవాడలో మార్పించి తెచ్చుకున్న ఇరవై డాలర్ల నోటు తీశాను. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూనే చెయ్యి అడ్డం పెట్టి, గోడవారగా ఉన్న ఓ పెట్టె చూపించింది. డబ్బు పట్టుకుని నిలబడితే వద్దన్న దుకాణం నా జన్మలో అదే మొదటిది. నోటు మీద అప్పులన్నిటికీ, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, ఇది చెల్లుతుందని అచ్చేసి ఉంది కదా అని అల్లుణ్ణి నిలదీశాను. "అది అప్పులకి మావయ్యగారూ. మీరింకా ఏమీ కొనలేదుగా, అప్పెక్కడుంది?" అన్నాడు. న్యాయం వాడివైపే ఉంది. ప్రైవేటు దుకాణం నగదు తీసుకోవాల్సిందేనని అమెరికా కేంద్ర చట్టమేదీ లేదట.

పెట్టె చూడ్డానికి ఏటీఎమ్‌లాగే ఉంది, పని తిరగేసి చేస్తుంది. కొందరు రివర్స్ ఏటీఎమ్ అనే పిలుస్తారు. నా ముందు ఒకాయన, యాభై ఏళ్లుంటాయి, జేబులోంచి ఒక డాలరు నోట్ల కట్ట తీసి, ఒక్కొక్కటీ తొడ మీద సాపు చేసి యంత్రానికి తినిపిస్తున్నాడు. టిప్పుల డబ్బని ఆ నోట్లు చూస్తేనే తెలుస్తోంది. సర్వర్ కుర్రాళ్లు రాత్రి పూట లెక్కపెట్టుకునే తీరు నాకు కొత్తదా? నా వంతు వచ్చింది. మడత పడిన నా నోటును యంత్రం రెండుసార్లు బయటికి తోసింది. నేనూ తొడ మీద సాపు చేశాను. మూడోసారి మింగింది. తెర మీద 20 అని పడింది, కింద నుంచి ప్రీపెయిడ్ డెబిట్ కార్డు వచ్చింది. రుసుము లేదు. మన ఫుడ్‌కోర్టు కార్డు గేటు దాటితే ప్లాస్టిక్ ముక్క. ఇది బయట కూడా చెల్లుతుంది.

హాఫ్‌టైమ్‌లో ఓ కౌంటర్ పక్కన వాచీ పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మాయి సిగ్గుపడి దూరంగా వెళ్లింది. కార్డు తాకించడం, ట్రే అందుకోవడం, తప్పుకోవడం. నోటును వెలుతురుకి ఎత్తి చూసేవాడు లేడు, "చిల్లర ఇవ్వండి" అన్న మాట లేదు. గల్లాపెట్టే లేదు కాబట్టి దాని దగ్గర నమ్మకమైన మనిషిని కూర్చోబెట్టే బాధా లేదు. రాత్రి ఆట వదిలాక గల్లాలో నలభై రూపాయలు తగ్గితే కుర్రాళ్లందరి మొహాలూ అనుమానంగా చూసిన రోజులు నాకున్నాయి. నన్నడిగితే నగదు లేని కొట్టు వల్ల మొదటి లాభం అదే, మిగతావన్నీ దాని తరవాతే.

ఈ స్టేడియం 2019 మార్చిలో నగదు మానేసింది. అప్పుడు ఇలాంటి పెట్టెలు పది పెట్టారు. అంతకుముందు ఇక్కడ తిండి ధరలన్నీ నిండు డాలర్లలోనే ఉండేవి, చిల్లర గొడవ లేకుండా. నాణేలతో పని పోయింది కనక కొన్నింటి మీద అర డాలరు తగ్గించారు, రెండు డాలర్ల హాట్‌డాగ్ డాలరున్నర అయింది. చిల్లర లేదని అర్ధరూపాయి ఎగ్గొట్టినవాణ్ణి నేను. ఇక్కడ చిల్లర అక్కర్లేదని అర డాలరు తగ్గించారు.

అయితే కార్డు గీసిన ప్రతిసారీ అమ్మేవాడి చేతి నుంచి కొంత రుసుము పోతుంది. నోటుకి ఆ కోత లేదు. పెట్టెలోని నగదు కూడా ఎవరో ఒకరు తీసి లెక్కపెట్టాల్సిందే, కాకపోతే ప్రతి కౌంటర్లో కాక పెట్టెలున్న చోట్లే.

పెట్టె లేకుండా నగదు మానేస్తే ఆ టిప్పుల పెద్దమనిషి ఏమయ్యేవాడు? అమెరికాలో 2023 నాటికి బ్యాంకు ఖాతాయే లేని కుటుంబాలు 56 లక్షల దాకా ఉన్నాయి, నూటికి నాలుగు పైచిలుకు. ఇలాంటివాళ్ల కోసమే ఫిలడెల్ఫియా 2019లో, న్యూయార్క్ నగరం 2020లో, దుకాణాలు నగదు తీసుకోవాల్సిందేనని చట్టాలు చేశాయి. న్యూయార్క్ చట్టం ఇలాంటి పెట్టెకి సందు వదిలింది, కానీ రుసుము వసూలు చేయకూడదు, కనీసం ఇంత వేయాలన్న నిబంధన పెడితే అది డాలరు దాటకూడదు. ఆ డాలరు లెక్క రాసినవాడెవడో కౌంటర్ ముందు నిలబడినవాడే అయ్యుంటాడు.

మా అందరికీ పాప్‌కార్న్, ప్రెట్జెల్, సోడా పోను కార్డులో మూడున్నర మిగిలింది. యంత్రం దాన్ని నోటుగా వెనక్కివ్వదు. ఇలాంటి కార్డుల్లో కొన్ని నెలల తరబడి వాడకపోతే నెలనెలా కొరుక్కుతింటాయని అల్లుడు చెప్పాడు. రుసుము లేని చోట లాభం ఎక్కడుందో అప్పుడర్థమైంది.

మర్నాడు మన సరుకుల కొట్టుకి వెళ్లాం. కరివేపాకు, మెంతికూర, కందిపప్పు కలిపి పదకొండు డాలర్ల ఇరవై సెంట్లు. కార్డు పెడితే చెల్లలేదు, బిల్లు కంటే బ్యాలెన్స్ తక్కువ. కౌంటర్లో కుర్రాడు గుంటూరువాడట. "మూడున్నర వేరే కొడతానుండండి, మిగతాది ఇంకోలా ఇవ్వండి" అన్నాడు. అలాగే చెల్లింది. పది డాలర్ల నోటు ఇచ్చాను. టంగుమని గల్లా తెరుచుకుంది. రెండు నోట్లు, ఒక పావలా డాలరు, ఒక ఐదు సెంట్ల బిళ్ల నా అరచేతిలో పెట్టి, "సరిపోయిందా అండీ, చూసుకోండి" అన్నాడు. చూసుకున్నాను, రెండుసార్లు.